గీతలు దొరకలేదు

లూయిస్టన్‌లో, పోలీసు స్టేషన్ పక్క గదిలో
గాజు పలక మీద నా బొటనవేలు పెట్టి
ఆ కుర్రాడు నొక్కాడు.
తడిగుడ్డతో తుడిచి మళ్లీ నొక్కాడు.
తెర మీద తెల్లటి మరక.
"మీకు గీతలు లేవు మేడమ్" అన్నాడు,
ఎక్కడో నేనే దాచి వచ్చినట్టు.

ఇరవై రెండేళ్లు చక్రం తిప్పాను.
ఇసుక కలిసిన మట్టి అది,
కుండకి ఎంత నునుపిచ్చిందో
నా వేళ్లనుంచి అంతా గీకి తీసుకుంది.
ఇదంతా అతనికి చెప్పలేదు. వెనక వరుసలో
ఒక బస్సు డ్రైవరూ ఇద్దరు నర్సులూ
గడియారం చూసుకుంటున్నారు.

మా నాయనమ్మ రోజాన్న
క్విబెక్ నుంచి నూలుమిల్లుకి వచ్చినప్పుడు
జీతం పుస్తకంలో నిశానీ పెట్టేది.
చదువు రాక వేలు పెట్టి బతికింది.
నాకు రెండో డిగ్రీ సగం పూర్తయింది,
పెట్టడానికి వేలే లేకుండా పోయింది.

"రెండు వారాలు చేతులకి పని చెప్పకండి,
లోషన్ రాయండి, తర్వాత రండి."
రెండు వారాలు!
సోమవారం నుంచే ఏడో తరగతికి
మట్టి పాఠం నాది.

నలభై ఆరేళ్లకి బళ్లో చేరాను
బడి చెప్పడం నేర్చుకోవడానికి.
పాఠ్యప్రణాళికలో ఒక గడి ఉంటుంది:
ఈ పాఠం చివర విద్యార్థి ఏం చేయగలడు?
మొదటిసారి రాశాను: ఆశ్చర్యపోగలడు.
ప్రొఫెసర్ విలాండ్రీ పక్కన పెన్సిల్‌తో, సన్నగా:
దాన్నెలా కొలుస్తావు?
అప్పటినుంచీ
"మూడు రకాల నీడలు వేయగలడు" అని రాసి నెట్టుకొస్తున్నాను.

పెల్కీ మాస్టారు నాకు తర్ఫీదు ఇచ్చే మనిషి.
వెనక బెంచీలో కూర్చుంటాడు,
ముప్పై ఒక్క ఏళ్ల రంగు మరకల కోటుతో.
తొలిరోజు నేను రెండు నిమిషాల్లో కూజా లేపితే
పిల్లలు చప్పట్లు కొట్టారు.
ఆయన చీటీ ఇచ్చాడు:
నువ్వు బాగా చేశావు. వాళ్లేం చేశారు?
ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇప్పుడు చేతులు ఏప్రాన్ జేబుల్లో.
లోషన్ వాసన, మల్లె కాదు, మరేదో మందుల కొట్టు పువ్వు.
నోటితో మాత్రమే చెప్పాలి మట్టిని.
"బొటనవేలితో నొక్కు. కాదు, చెవి తమ్మెను పట్టుకున్నంత మెల్లగా.
గోడ నీ చిటికెనవేలంత మందం."
ఎంత తక్కువ మాటలున్నాయి నా దగ్గర!
అన్నీ వేళ్లలోనే పెట్టుకున్నాను ఇన్నాళ్లూ,
తాళం చెవి కొంగున కట్టుకున్న అత్తగారిలా.

మహద్ గిన్నె ఒక పక్కకి ఒరిగింది.
జేబులో నా చెయ్యి కదిలింది.
వెనక నుంచి దగ్గు, చిన్నది.
మహద్ నా వంక చూశాడు, సాయం కోసమే.
నేను కదల్లేదు. చాలా కష్టంగా ఉండింది.
వాడు విసుగ్గా నాలుక చప్పరించి
వాళ్ల భాషలో గిన్నెని ఏదో తిట్టి,
ఒరిగిన వైపే ఇంకా లాగి
నూనె పోసే ముక్కు చేసుకున్నాడు.
అది అందంగా లేదు. ఆ మాట రాసి పెట్టాలి నేను.
పొయ్యిలోంచి తీశాక చూస్తే
అడుగున వాడి బొటనవేలు,
ఒక్క గీత పోకుండా.

ఆ గడిలో ఏం రాయాలో ఇవాళ్టికీ తేలలేదు.

పదిహేనో రోజు అదే గది, అదే కుర్రాడు.
"ఏం పాఠం చెప్తారు?"
"బొమ్మలు."
"నాకు మనిషి బొమ్మ వేయడం అస్సలు రాదు."
పెద్దవాళ్లందరూ ఇదే అంటారు
అప్పు ఎగ్గొట్టినవాళ్లలా, చూపు దించుకుని.
"ఎవరు చెప్పారు రాదని?" అడిగాను.
అతను ఆలోచించాడు, నిజంగానే.
"రెండో తరగతిలో... పేరు గుర్తులేదు."

బొటనవేలు గాజు మీద పెట్టాను.
పైనుంచి అతని వేలు నొక్కింది.
ఇద్దరం తెర వంక చూస్తున్నాం.